గోడకు ఆనుకున్న మనిషి

మునెయ్య యాడికి పోతాండేది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పడు. పార్టీల కొట్లాటల కాలంలో, వాళ్లన్న మరుసటిరోజు తాను ఏ బస్సుకు వచ్చేది ఒక హోటల్లో నలుగురి ముందర చెప్పినాడు. ఆయన్ను ఆ బస్సులోంచే దింపి నరికినారు. అరవై దాటిన ఈ వయసులో మునెయ్య ఫేస్‌బుక్‌లో పొట్టేళ్లు అమ్ముతాడు. ఫోటోలో పొట్టేలు ముఖం తప్ప తన ముఖం ఉండదు. ఊరేదని అడిగితే "ప్రొద్దుటూరు పక్క" అంటాడంతే.

మొన్న ఒకాయన పొట్టేలు కొంటానన్నాడు. ముందు మనిషిని చూసి ఆ తర్వాతే మంద కాడికి పిల్చుకపోవాలని, మునెయ్య ఆయన్ను పదిగంటలకు జమ్మలమడుగు బస్టాండులో కుళాయి కాడికి రమ్మన్నాడు. తాను మాత్రం తొమ్మిదికే పోయి, ఎదురుగా టీ అంగట్లో గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అదే బెంచీ మీద ఇంకో పెద్దాయన, ఆయనా గోడకే ఆనుకొని, టీ చల్లారిపోతాన్నా తాగకుండా కుళాయి వైపే చూస్తాండాడు. పది దాటింది. కుళాయి కాడికి ఎవురూ రాలేదు. మునెయ్య ఫోన్ చేసినాడు. పక్కాయన జేబులో మోగింది.

మునెయ్య ఫోన్ కట్ చేసినాడు. పొట్టేలు మాట ఎవురూ ఎత్తలేదు.

"మీ ఇంట్లో ఎవురు పోయినారప్పా?" అని అడిగినాడు మునెయ్య.

"మా నాయన," అన్నాడాయన, గోడను వదలకుండానే.