బీరువా కింద కీచురాయి

మా అమ్మకు పురుగుల మీద ఉన్న పగ ఈ లోకంలో ఏ మనిషి మీదా లేదు. బెంగాల్లో, టికియాపారాలో మా రైల్వే క్వార్టరు కింది అంతస్తు. వెనక మురిక్కాలవ, దాని అవతల యార్డు గోడ, ఆ రెంటి మధ్యా ఎవరూ కొయ్యని పిచ్చిమొక్కలు. ఎండలు ముదిరాయంటే చాలు, సాయంత్రం ట్యూబులైటు వెయ్యగానే ఆకుపచ్చ మిడతలు కిటికీ జాలీకి అతుక్కుని రంపం కోసినట్టు మొదలుపెట్టేవి. మొక్కల్లో కీచురాళ్ళు, లైటుకు బుర్ర బాదుకునే నల్లటి పెంకు పురుగులు, కాలబైశాఖి గాలివాన కొట్టిన రోజున ఉసిళ్ళు. "రండి, రండి, రేషన్ కార్డులో మీ పేర్లు కూడా రాయించేత్తాను" అని అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో స్వాగతం చెప్పేది.

నాకు ఆ మోతతో పేచీ లేదు. ఊయల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నదే. సాల్ట్ లేక్‌లో ఆఫీసు ముగించుకుని, క్యాబులో సగం నిద్రపోయి, ఇంటికొచ్చి ఆ గోలలో మిగతా సగం పూర్తి చేసేదాన్ని. నాకు ఒళ్ళు మండించింది బయటవి కాదు. మూడేళ్ళ కిందటి ఎండాకాలంలో ఇంట్లో దూరి, మా ఇనప బీరువా కింద కాపురం పెట్టిన ఒకే ఒక్క కీచురాయి.

బయట కూస్తే దాని గోలేదో అది పడుతుందనుకోవచ్చు. ఇనప బీరువా కింద కూస్తే ఇల్లంతా మైకు పెట్టినట్టే. కాలు నేల మీద పెడితే ఆపేది. మంచమెక్కి దుప్పటి లాక్కోగానే అందుకునేది. అమ్మ ఫినాయిలు పోసింది, టార్చి వేసి చూసింది, చెప్పు విసిరింది. చెప్పు బీరువా కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. దాన్ని తియ్యడానికి రెండో చెప్పు విసిరింది, అదీ పోయింది. మర్నాడు ఆదివారం ఆరాధనకు చర్చి గుడికి నా చెప్పులేసుకుని వెళ్ళింది.

ఇంత జరుగుతుంటే నాన్న మాత్రం హాయిగా గురకపెట్టేవాడు. యార్డు పని, అలసట, పోనీలే అనుకున్నాం. నాన్న పని రైలుబండ్లు చూడటం. పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ వెళ్ళాలి. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది మూగగా పలుకుతుంది. ముప్పై ఏళ్ళు అదే పని. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. గిన్నె కొన్నా, కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని గాని ఊరుకునేవాడు కాదు. నా హెల్మెట్ కొన్నప్పుడు దాన్నీ కొట్టాడు. అది అప్పటికే నా తల మీద ఉంది. "ఈ సెవి మీదే మనిల్లు నిలబడింది, అమ్మడూ" అనేవాడు. మేం నమ్మాం. నమ్మకుండా ఎలా ఉంటాం?

గురువారాలు మా ఇంట్లో గృహకూటం. ముందుగదిలో చాపలు పరిచి, మా తెలుగు సంఘం వాళ్ళంతా కూర్చుని పాటలు పాడి ప్రార్థన చేసుకుంటారు. ఆ గురువారం పాటలయ్యాక పాస్టరు అయ్యగారు "రెండు నిమిషాలు మౌనంగా దేవుని సన్నిధిలో ఉందాం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకేం, దానికి కావలసింది అదే. లోపలి గదిలోంచి అందుకుంది చూడండీ! ఒకరు దగ్గారు. ఒకరు ఒంటికన్ను తెరిచారు. వెనక వరసలో ఇద్దరు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివరికి అయ్యగారికే ఏకాగ్రత పోయి "ఆమెన్" అనేశారు. అందరం కళ్ళు తెరిచాం. నాన్న ఒక్కడూ చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ప్రశాంతంగా కూర్చునే ఉన్నాడు.

"అన్నగారిని చూడండి" అన్నారు అయ్యగారు మెల్లగా. "అంత గోలలో కూడా కనురెప్ప కదపలేదు. ప్రార్థనంటే అదీ!"

నాన్న కళ్ళు తెరిచాడు. "ఏటి గోల?" అన్నాడు.

"చూశారా! వినబడనే లేదంటున్నారు!"

"స్తోత్రం!" అంది గదంతా. ఒక పెద్దమ్మ లేచొచ్చి నాన్న చేతులు పట్టుకుని, "మా ఆయన కోసం కూడా ప్రార్థన చెయ్యి బాబూ" అని కళ్ళు తుడుచుకుంది. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ మాత్రం టీ గిన్నె పట్టుకుని నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది.

అందరూ వెళ్ళాక నా ఫోనులో కీచురాళ్ళ మోత వెతికి పెట్టి, నాన్న చెవి దగ్గర పట్టుకున్నాను.

"ఏటిది?"

"పాట నాన్నా. వినబడుతోందా?"

"నీ ఫోను పాడైపోనాది. కొత్తది కొనుక్కో" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నవ్వుకునే సంగతే, ఆ వచ్చే నెలలో నాన్నకు మెడికల్ లేకపోయి ఉంటే. యార్డులో చేసేవాళ్ళకు కొన్నేళ్ళకోసారి చూపూ వినికిడీ చూస్తారు. తప్పితే ఉద్యోగం పోదు గాని యార్డు పోతుంది. ఆఫీసులో ఏదో బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫైళ్ళు మొయ్యమంటారు. నాన్నకు రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్ళుంది. తన స్నేహితుడొకాయన్ని అలాగే కూర్చోబెడితే ఆరు నెలల్లో ముసలాడైపోయాడని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. "నన్నలా కూకోబెడితే సచ్చిపోతానే" అన్నాడు ఓసారి అమ్మతో. హాస్యానికి అన్న మాట కాదది.

దాంతో అమ్మ నడుం బిగించింది. పైయింటి బెంగాలీ మాసీమా చెప్పిందని ఆవనూనెలో వెల్లుల్లి కాచి రోజూ చెవుల్లో పోసింది. ఆ ఆదివారం గుడిలో మా బల్ల మీద మా పక్కన ఎవరూ కూర్చోలేదు. నూనెతో పని కాకపోయేసరికి మరో ఉపాయం కనిపెట్టింది. కీచురాయి కూసినప్పుడు తను ముక్కు గోక్కుంటుంది, నాన్న "అబ్బ, ఏటీ గోల!" అనాలి. ఎందుకమ్మా ఇదంతా అంటే, "నలుగురూ ఉన్నప్పుడు పరువు దక్కాలి గదే" అంది. నాలుగు రోజులు దివ్యంగా నడిచింది. అయిదో రోజు అమ్మకు జలుబు చేసింది. మిట్టమధ్యాహ్నం, పైయింటి మాసీమా కూర గిన్నె పట్టుకుని వచ్చి కూర్చున్న అరగంటలో నాన్న ఏడుసార్లు "అబ్బ, ఏటీ గోల!" అన్నాడు. అప్పటికి మాట్లాడుతున్నది ఆవిడే. గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ మా గుమ్మం తొక్కడానికి నెల పట్టింది.

మెడికల్ రోజు రానే వచ్చింది. డాక్టరు నాన్నను గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి గుసగుసగా అంకెలు చెప్పాడట. నాన్న ఒక్కటి పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. మనుషుల మాట ఆయనకు బాగానే వినబడుతుంది మరి. ఫిట్ అని కాగితం ఇచ్చారు. అమ్మ మాంసం వండింది. నేను ఆఫీసు నుంచి వస్తూ మిష్టి దోయి, అదే తియ్యపెరుగు, తెచ్చాను. ముగ్గురం పొట్ట పగిలేలా తిన్నాం. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు. మా నాన్న సుత్తి మా నాన్న చేతిలోనే ఉంటుందనుకున్నాను.

ఆ రాత్రి లైట్లార్పబోతుంటే నాన్న నా మంచం మీదికొచ్చి కూర్చున్నాడు.

"అమ్మడూ, నిజం సెప్పు. ఇప్పుడది కూత్తందా?"

చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. ఆయన మొహం చూస్తే నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"లేదు నాన్నా. పోయింది."

నాన్న లోపలి గదివైపు వేలు చూపించాడు. అమ్మ నేల మీద బోర్లా పడుకుని, చీపురు కర్రతో బీరువా కింద కసిగా పొడుస్తోంది. "సావు, సావు" అంటోంది.

"మరి మీ యమ్మ ఎవుల్ని పొడుత్తంది?"

నేను తలొంచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్నకు నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాడు. తర్వాత తన కుడి చెయ్యి నా ముందు చాపాడు. అరచెయ్యి నిండా నల్లటి మరకలు, సబ్బుకు పోనివి.

"సక్రం మోత నాకు ఇనబడతాది. అది లావు మోత. కాని బండి కింద గాలి పైపులుంటాయి, బ్రేకువి. అతుకు దగ్గర గాలి పోతంటే సన్నంగా ఇస్సుమంటాది. అది ఇనబడి ఏడాది దాటిపోనాది. అప్పట్నుంచి ప్రతి అతుకు దగ్గరా సెయ్యెట్టి సూత్తన్నాను. గాలి తగిలితే తెలుత్తాది."

"మరి తెలుస్తోంది కదా నాన్నా!"

"ఇప్పటిదాకా తెలిసింది. ఏదో ఒకరోజు ఒక అతుకు దాటేత్తాను. ఆ బండిలో జనాలుంటారు" అన్నాడు. "ఫిట్ కాగితం వొచ్చిన కాడ్నుంచి అన్నం అరగలేదే."

మాంసం వల్లేమో అందామనుకున్నాను. ఏడాదిగా ఆయన ఒక్కో బండి కింద వంగి ఒక్కో అతుకునూ తడుముకుంటుంటే, నేను ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి నాన్నతో వెళ్ళాను. డాక్టరుకు మొదట అర్థమే కాలేదు. "దాదా, అన్‌ఫిట్ అయినవాళ్ళు ఫిట్ చెయ్యమని కాళ్ళు పట్టుకుంటారు. మీరేమిటి, ఫిట్ కాగితం వెనక్కి తెచ్చారు? మీకు వినబడదని ఎవరు చెప్పారు?" అని బెంగాలీలో అడిగాడు.

నాన్న నన్ను చూపించి, తనూ బెంగాలీలోనే చెప్పాడు. "నా కూతురు. వినబడుతున్నదాన్ని వినబడలేదని నా మొహాన అబద్ధమాడింది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది."

ఈసారి చెవులకు యంత్రం తగిలించి, అద్దాల గదిలో కూర్చోబెట్టారు. మోత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. మొదట్లో నాన్న వేలు చకచకా నొక్కింది. తర్వాత నెమ్మదించింది. తర్వాత ఎంతోసేపు ఆ వేలు బటన్ మీద అలాగే ఉండిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నేను ముక్కు గోక్కుని చెప్పడానికి ఆ మోత నాకూ వినబడటం లేదు.

కాగితం చేతికొచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ ఫోన్ చేసింది. నాన్న స్పీకర్ పెట్టి ఫోన్ అరచేతిలో పట్టుకున్నాడు.

"ఏటయ్యింది?" అంది అమ్మ.

"ఫెయిలైపోనాను!" అన్నాడు నాన్న, యార్డులో ఆ చివర ఉన్నవాడికి వినబడేటంత గట్టిగా. వరండాలో క్యూ మొత్తం తిరిగి చూసింది. "సోమారం నుంచి ఆఫీసే. ఫ్యాను కింద ఉజ్జోగం. నువ్వు పెట్టిపుట్టావు."

అవతల నుంచి మాట లేదు. నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు, తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"లైను కటైపోనాదేటి?" అని నన్నడిగాడు.

"లేదు నాన్నా" అన్నాను. "అమ్మ ఏడుస్తోంది."

నాన్న ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"గట్టిగా ఏడవమను" అన్నాడు. "నాకు ఇనబడాలి గదా."