పదిహేడో నంబరు దగ్గు

మా మామయ్యకు కోపం రాని జాతి ఈ లోకంలో ఒక్కటే ఉంది: పాత మిలటరీ పొయ్యిలు. మిగిలిన అందరి మీదా వస్తుంది. అక్క కొడుకునని నా మీద తగ్గదు, కట్టుకున్న భార్య అని అత్తయ్య మీద తగ్గదు. వాన మీద కూడా వస్తుంది, తేమకు ఇత్తడి మసకబారుతుందట.

సైనికులు క్యాంపుల్లో నీళ్లు కాచుకోవడానికి వీపున మోసుకుపోయే కిరసనాయిలు పంపు పొయ్యిలు ఉంటాయి చూడండి, అవి. ముప్పై ఎనిమిది ఉన్నాయి ఆయన దగ్గర. ఎక్కడో పాత సామాన్ల కొట్లో తుప్పుపట్టి, సొట్టలు పడి దొరుకుతాయి. తెచ్చి విప్పుతాడు, తోముతాడు, చెక్క సుత్తితో సొట్ట తీస్తాడు, పంపుకు కొత్త తోలు వాషరు కోసి నూనెలో నానబెడతాడు. నీలిమంట వచ్చేదాకా అన్నం కూడా ముట్టడు. వచ్చాక అడుగున తెల్లరంగుతో నంబరు వేసి, వెనక గదిలో అలమరలో కూర్చోబెడతాడు. ఆ గది ఒకప్పుడు పడకగది. మంచం ఇప్పుడు హాల్లో ఉంది.

నేనిదంతా ముద్దుగా చెబుతున్నానని అనుకోకండి. ఆయన పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయనది మూడో అంతస్తు, నాది రెండో అంతస్తు. పైగా ఖర్మకాలి ఈ భవనం సంఘానికి నేను కార్యదర్శిని. ఆయన పొయ్యి పొగ పైకి పోతుంది, దాని తాలూకు ఫిర్యాదు మాత్రం తిన్నగా కిందికి దిగి నా తలుపు తడుతుంది.

అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటారు. మామయ్య స్టవ్ పిన్ను పెట్టుకుంటాడు. రేకు పిడి, చివర వెంట్రుకంత తీగ. పొయ్యి బర్నరు రంధ్రంలో మసి పేరుకుంటే పొడవడానికి పుట్టిన వస్తువది. మామయ్యకు మాత్రం ఎక్కడ రంధ్రం కనిపించినా అది మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. ఉప్పు డబ్బా మూత, స్నానాలగది షవరు, అత్తయ్య సెంటు సీసా, ఏదీ ఆ పిన్ను దెబ్బ తప్పించుకోలేదు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నవాడు, నీళ్ల గొట్టం సరిగ్గా చిమ్మడం లేదని లేచి, పిన్ను తీసి పొడిచేశాడు. డాక్టరు కేకలేశాడు.

"గొట్టాన్నే చూసుకోలేనివాడికి నా పన్నెలా అప్పగిస్తానయ్యా?" అని, నోట్లో దూదితోనే ఇంటికొచ్చేశాడు మామయ్య. ఆ పన్ను ఇప్పటికీ సలుపుతోంది. దానికీ కోపం డాక్టరు మీదే.

ముప్పై ఎనిమిది పొయ్యిలున్న మనిషికి టీ పెట్టడం రాదంటే మీరు నమ్మరు. ఆయన కాచేది నీళ్లే. చుట్టం వస్తే గ్లాసుడు వేడినీళ్లు చేతిలో పెట్టి, గడియారం చూపించి, "మూడు నిమిషాల నలభై సెకన్లు!" అంటాడు. చుట్టం తాగాలా, చేతులు కడుక్కోవాలా తెలియక అత్తయ్య వంక చూస్తాడు.

"నా వంక చూడకు నాయనా," అంటుంది అత్తయ్య. "ఈ ఇంట్లో పంపుకు నూనె, మరకు నూనె, తోలు ముక్కకు నూనె. నా మోకాలికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క చుక్క రాసిన పాపాన పోలేదు ఈ మనిషి."

ఆ పొయ్యిల్ని ముట్టించే పద్ధతి కూడా ఒకటుంది. ముందు బర్నరు కింది గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించాలి. బర్నరు ఒళ్లంతా వేడెక్కాక, అప్పుడు పంపు కొట్టాలి. తొందరపడితే నీలిమంట బదులు పసుపుపచ్చ మంట ఎగదన్నుతుంది. ఈ సంగతి తెలియని రోజుల్లో ఒకసారి, సాయం చేద్దామన్న పాపానికి, నేనే నేరుగా పంపు కొట్టి అగ్గిపుల్ల గీశాను. నా కుడి కనుబొమ్మ సగం పోయింది. మామయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైనా అయిందా?"

"కనుబొమ్మ కాలింది మామయ్యా."

"నిన్నెవడడిగాడు? పొయ్యికేమైనా అయిందా?"

ఇవన్నీ భరించాను. నేను భరించలేకపోయింది పదిహేడో నంబరును.

మిగిలిన ముప్పై ఏడూ ఒక్కసారి పంపు కొడితే చాలు, వెలుగుతాయి. పదిహేడు వెలగదు. రోజూ పొద్దున ఆరింటికి మామయ్య దాన్ని బాల్కనీలోకి తెచ్చి పంపు కొట్టడం మొదలుపెడతాడు. అది క్షయరోగిలా దగ్గుతుంది. బుస్సుమంటుంది, భగ్గుమంటుంది, నల్లటి పొగ కక్కి ఆరిపోతుంది. ఆ పొగ పక్క ఫ్లాట్ టీచరమ్మ ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద వాలుతుంది. ఆరుంపావుకల్లా టీచరమ్మ నా గుమ్మంలో ఉంటుంది, మసి మరక నా ముక్కుకు ఆనించి మరీ చూపిస్తుంది.

"వెనక గదిలో తగలేసుకోవచ్చుగా!" అని అరిచాను మామయ్య మీద.

"దానికి గాలి కావాలి."

"ముప్పై ఏడు బాగుచేసినవాడివి, ఇదొక్కటి ఎందుకు కావడం లేదు?"

"నీ బుర్ర మాత్రం ఇన్నేళ్లయినా బాగుపడిందా? ఫో!"

అంతటితో అయినా ఊరుకుంటాడా! ఆరిపోయిన పొయ్యిని చంకన పెట్టుకుని, లిఫ్టులో మొదటి అంతస్తుకు పోతాడు. అక్కడ క్యాంపు తాత ఉంటాడు. సైన్యంలో ముప్పై ఏళ్లు వంటవాడిగా పనిచేసిన పెద్దాయన. కాలు విరిగి, చక్రాల కుర్చీలో కొడుకింటికి వచ్చి అప్పటికి ఏడాదైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన గొంతు నేను విన్న పాపాన పోలేదు. ఎదురుపడి నమస్కారం పెడితే గోడ వంక చూసేవాడు.

మామయ్య లోపలికెళ్లి తలుపు వేయగానే కేకలు మొదలయ్యేవి. "గాడిదా! అవి చేతులా, రోకళ్లా? సిగ్గులేదూ నీకు? ఇంకెన్నిసార్లు చెప్పాలి?" కింది అంతస్తంతా మారుమోగిపోయేది. అరగంట పోయాక మామయ్య మొహం గంటు పెట్టుకుని బయటికి వచ్చేవాడు.

నా కడుపు రగిలిపోయింది. నా మీద అరుచుకో, అత్తయ్య మీద అరుచుకో, వాన మీద అరుచుకో. కదల్లేని ముసలాయన మీద, ఆయన ఇంటికే వెళ్లి, నీ పొయ్యి వెలగలేదన్న కోపం చూపిస్తావా? ఒకరోజు తాత కోడల్ని ఆపి అడిగాను.

"మా మామయ్య వల్ల పెద్దాయనకు ఇబ్బందిగా లేదూ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబుక్కున తలుపేసుకుంది. పాపం, ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

ఆ సాయంత్రమే సంఘం సమావేశం పెట్టాను. టీచరమ్మ మసి దుప్పటి జెండాలా పట్టుకుని వచ్చింది. అందరి ముందూ మామయ్యకు చెప్పేశాను.

"ఆదివారం పదింటికి, కింద కార్లు పెట్టేచోట, నీ పదిహేడు వెలిగించి చూపించు. లీటరు నీళ్లు పొగ లేకుండా మరిగితే ముప్పై ఎనిమిదీ ఉంచుకో. మరగలేదో, ముప్పై ఎనిమిదీ పాత సామాన్ల కొట్టుకు పోతాయి. నేనే దగ్గరుండి బండెక్కిస్తాను."

ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. జేబులోంచి పిన్ను తీసి, సమావేశంలో పెట్టిన బిస్కెట్టుకున్న రంధ్రాలు ఒక్కొక్కటే పొడుస్తూ కూర్చున్నాడు. అత్తయ్య మొహం మాత్రం చిన్నబోయింది. రోజూ తిట్టే పొయ్యిలే, అయినా బండి అనేసరికి ఆవిడకూ మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం నాకే ఉండబట్టలేక పైకి వెళ్లాను. ఎంతైనా మేనమామ. తలుపు తీసే ఉంది. వెనక గదిలోంచి తుమ్మెదల రొదలాంటి మోత వస్తోంది. తొంగి చూస్తే పదిహేడో నంబరు వెలుగుతోంది! పొగ లేదు, మసి లేదు, మంట నీలంగా గుండ్రంగా విచ్చుకుంది. పైన గిన్నెలో నీళ్లు కళపెళ మరుగుతున్నాయి. మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, చంటిపిల్లను చూస్తున్నట్టు దాన్ని చూస్తున్నాడు. హమ్మయ్య అనుకుని, పిల్లిలా మెట్లు దిగి వచ్చేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం పదింటికి భవనమంతా దిగింది. తాత కోడలు చక్రాల కుర్చీ తోసుకొచ్చి ముందు వరసలో పెట్టింది. మామయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చి, స్పిరిట్ పోసి వెలిగించి, బర్నరు వేడెక్కాక పంపు అందుకున్నాడు. కొట్టాడు. కొట్టాడు. ఇంకా కొట్టాడు.

పదిహేడు దగ్గింది. భగ్గుమంది. నల్లటి పొగ కక్కి ఆరిపోయింది.

"చూశారా!" అంది టీచరమ్మ.

నిన్న తుమ్మెదలా పాడినదానికి రాత్రికి రాత్రి ఏ రోగం వచ్చింది?

"ఆపరా గాడిదా!"

అందరం ఉలిక్కిపడ్డాం. అరిచింది క్యాంపు తాత. కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. రోజూ ఆ తలుపు వెనక నేను విన్న గొంతు అదే. ఇన్నాళ్లూ అరిచింది మామయ్య కాదు, ఈయన!

"వాషరు తిరగేసి పెట్టావు! ఆ దగ్గు వింటే తెలియడం లేదూ? తోలు అంచు కిందికి ఉండాలని నిన్న చెప్పానా? మొన్న చెప్పానా? అవి చేతులా, రోకళ్లా? తే ఇలా!"

పళ్ల డాక్టరును కూడా లెక్కచేయని మా మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొరపాటైందండీ," అన్నాడు. జన్మలో ఆ మాట ఆయన నోట మేము వినలేదు. అత్తయ్యైతే పక్కావిడ భుజం పట్టుకుంది.

తాత పంపు కడ్డీ బయటికి లాగాడు. వాషరు తిప్పి పెట్టాడు, నూనె రాశాడు, అంచు బొటనవేలితో విచ్చదీశాడు. నోరు మాత్రం ఆగలేదు. "నా క్యాంపులో ఉంటే నీచేత నాలుగొందల గిన్నెలు తోమించేవాణ్ణి!"

కోడలు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "కాలు విరిగాక నాలుగు నెలలు మా మామగారు పెదవి విప్పలేదండీ. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. ఒకరోజు లిఫ్టులో మీ మామయ్యగారి చేతిలో ఈ పొయ్యి చూసి, 'ఆ వాషరు కోసిన దున్నపోతెవడు?' అన్నారు. అదే మొదటి మాట. మర్నాటి నుంచి మీ మామయ్యగారు రోజూ వస్తున్నారు. పొద్దున బాల్కనీలో ఆ దగ్గు వినపడగానే మామగారు లేచి కూర్చుని, 'వచ్చాడా వాడు?' అంటారు. తిట్టాక ఆకలేస్తుంది. రెండుసార్లు వడ్డించుకుంటున్నారిప్పుడు."

ముప్పై ఏడు పొయ్యిలకు తన చేత్తో వాషర్లు వేసినవాడు ముప్పై ఎనిమిదోదానికి తిరగేసి వేస్తాడా? రోజూ? నాకప్పుడు వెలిగింది. వెలగగానే ఒళ్లు మండింది. మామయ్యను చెయ్యి పట్టుకుని ఒక కారు వెనక్కి లాక్కెళ్లాను.

"నిన్న మధ్యాహ్నం నేను చూశాను. బాగానే వెలిగింది. పరీక్ష రోజు కూడా తిరగెయ్యాలా? మొత్తం పోతాయి మామయ్యా, ముప్పై ఎనిమిదీ!"

"నెమ్మదిగా ఏడువు, పెద్దాయన వింటాడు." మామయ్య పొయ్యి వంక చూశాడు. "ఆయన కళ్లముందు వెలిగిస్తే రేపట్నుంచి నేనేం మొహం పెట్టుకుని వెళ్లనురా? పోతే పోనీ. పదిహేడొక్కటి నీ ఇంట్లో దాచు."

నాకు కోపం వచ్చింది, ఏడాదిపాటు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాల్సి వస్తుందే అని. అంతలో వెనక నుంచి తుమ్మెదల రొద. తాత పొయ్యి వెలిగించేశాడు. నీళ్లు మరుగుతున్నాయి. జనం చప్పట్లు.

నేను విసురుగా ముందుకొచ్చి అరిచాను. "చప్పట్లాపండి! ఇది చెల్లదు. వెలిగించాల్సింది మామయ్య, వేరేవాళ్లు కాదు. పరీక్ష వచ్చే ఆదివారానికి వాయిదా. అప్పటిదాకా పొయ్యిలు కదలడానికి వీల్లేదు. పెద్దాయనా, ఈలోగా ఈయనకు పని నేర్పే పూచీ మీది."

"వారంలో వస్తుందా వీడికి?" తాత మండిపడ్డాడు. "ఏడాదైనా రాదు!"

ఆ మాట నిజమైంది. ఆ వాయిదా మొన్నటి ఆదివారానికి నలభై మూడోది. టీచరమ్మ రెండో వారానికే దుప్పట్లు ఆరేసే తాడు విప్పి అవతలి వైపు కట్టుకుంది. నా మీద చిరచిరలాడుతూనే, మరిగే నీళ్లు వృథా పోవడం చూడలేక టీపొడి డబ్బా తెచ్చి తాత ఒడిలో పెట్టింది. మామయ్యకు ఇప్పుడు టీ పెట్టడం కూడా నేర్పుతున్నాడు తాత. దానికి వేరే తిట్లు.

పోయిన వారం మామయ్యకు జ్వరం వచ్చింది. మంచం మీంచే నన్ను పిలిచి, పదిహేడు కిందికి తీసుకెళ్లమన్నాడు. వాషరు తిరగేసి పెట్టి, బాల్కనీలో పంపు కొట్టాను. దగ్గింది. చంకన పెట్టుకుని దిగాను. తాత ఒక్కసారి పంపు లాగి చూసి, నన్ను మా వంశంతో సహా నలభై నిమిషాలు తిట్టాడు. పైకొచ్చేసరికి మామయ్య దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

"ఆ దగ్గేమిట్రా అలా వచ్చింది? తోలు అంచు చింపేసుంటావు! సరిగ్గా పాడుచెయ్యడం కూడా చేతకాదా నీకు?"

పైన తిట్లు, కింద తిట్లు. ఇంకెప్పుడూ ఆ పొయ్యి జోలికి పోనని అత్తయ్య ముందు ఒట్టేసి మరీ బయటపడ్డాను. మర్నాడు పొద్దున ఆరింటికి కింది నుంచి తాత కేక వినపడింది, "ఏడీ ఆ రెండో గాడిద?" అని. దిగేటప్పుడు చూసుకుంటే, నా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పిన్ను ఉంది.