మావయ్య, డీబగ్గరు, ఒక ఖాళీ కొక్కెం

మావయ్య పోయాడన్న కబురు అత్తయ్యే ఫోన్ చేసి చెప్పింది. నెహ్రూ నగర్‌లోని మా ఇంట్లో అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను. "మీ మావయ్య ప్రభువు దగ్గరికి ఎల్లిపోయారమ్మా. నిద్రలోనే. నువ్వు కంగారు పడకుండా రా, రోడ్డు మీద లారీలుంటాయి" అంది. భర్త పోయిన పూట కూడా నా స్కూటీ గురించి బెంగపడగల మనిషి అత్తయ్య. మావయ్య వాళ్ళుండే రిసాలి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. వాళ్ళ వరండా గోడకున్న కొక్కేల బోర్డు చూశాక ఆగలేదు.

మావయ్యంటే మా అమ్మకి అన్న. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉద్యోగానికొచ్చి, ఇక్కడి స్టీలు ప్లాంటులో ఇంజినీరుగా చేరి, షిఫ్టు ఇన్‌ఛార్జి అయి, రిటైరయ్యేదాకా షిఫ్టులతోనే బతికాడు. వాళ్ళ కంట్రోల్ రూములో ఒక చెక్క బోర్డు ఉండేదట. ఒక్కో పనికి ఒక్కో కొక్కెం. ఆ పూట ఆ పని ఎవరిదో, వాళ్ళ పేరున్న రేకు బిళ్ళ ఆ కొక్కేనికి తగిలించేవారు. రిటైరయ్యాక మావయ్య అలాంటిదే ఇంటికోసం చేయించుకున్నాడు. మొక్కలకి నీళ్ళు, గేటు తాళం, మందులు, నాలుగ్గంటల టీ.

"ఉన్నది ఇద్దరు. ఇద్దరికి బోర్డేటి మావయ్యా?" అని ఏడిపించేదాన్ని.

"ఇద్దరే గనకే కావాలి. మీ అత్తయ్య చేస్తాదని నేను, నేను చేస్తానని మీ అత్తయ్య. ఆకరికి మొక్కలెండిపోతాయి" అనేవాడు.

మిగతా బిళ్ళలు రోజూ మారేవి. నాలుగ్గంటల టీ కొక్కెం మాత్రం ఎప్పుడూ ఆయనదే. అల్లం దంచి, పాలు పొంగించి, చక్కెర దోసిలితో పోసినట్టు పోసేవాడు. అది టీ కాదు, పాయసం. అత్తయ్య తిట్టుకుంటూనే తాగేది.

ఆయన తోటివాళ్ళు రిటైరయ్యాక మైదానంలో నడకలు మొదలుపెడితే, మావయ్య డీబగ్గరు పని మొదలుపెట్టాడు. తెలియనివాళ్ళకోసం చెబుతాను. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే ప్రోగ్రామే డీబగ్గరు. మావయ్య పట్టుకున్నది ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది. ఎన్నో దేశాలవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి నడుపుకుంటారు. ప్లాంటులో ఉన్నప్పుడు దాన్ని వాడిన కృతజ్ఞత ఆయనది. నేనూ ప్రోగ్రాములు రాసుకునే బతుకుతున్నాను గనక, సందేహమొచ్చినప్పుడల్లా టీకి పిలిచేవాడు.

ఆ డీబగ్గరు రకరకాల యంత్రాలతో మాట్లాడాలి. ఒక్కో రకానికి లోపల ఒక స్ట్రక్చర్ ఉండేది. అంటే వరుసగా గడులు. ప్రతి గడిలో ఒక ఫంక్షన్ పాయింటర్, అంటే ఈ పని వస్తే ఫలానా చోటికి వెళ్ళు అని చెప్పే చిరునామా. ప్రోగ్రామును ఆపడానికి ఒక గడి, మెమరీ చదవడానికి ఒక గడి, ఇలా. అన్నీ చేత్తోనే నింపాలి.

అది మొదటిసారి చూసినరోజు మావయ్య పగలబడి నవ్వాడు. "ఏటే ఇది, మన బోర్డే కదా! రకానికో బోర్డు, బోర్డు నిండా కొక్కేలు. ఎవుడో ఒక బిళ్ళ మర్చిపోతాడు. పని ఆ కొక్కెం దాకా వచ్చి ధబేల్మని పడిపోద్ది."

దాన్నంతా క్లాసుల కుటుంబంగా మార్చాలని ఆ పని నడిపేవాళ్ళు చాలాకాలంగా అనుకుంటున్నారు. పైన ఒక తల్లి క్లాసు. అందరూ ఒకేలా చేసే పనులు అందులో ఉంటాయి. కింద యంత్రానికో పిల్ల క్లాసు. పిల్లలు తల్లి దగ్గర ఉన్నవి అలాగే వాడుకుని, తమకు వేరుగా కావలసినవి మాత్రం తిరగరాసుకుంటాయి. తప్పనిసరి పని ఏదైనా మర్చిపోతే ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే కంప్యూటరు పట్టేసుకుంటుంది. అందరికీ కావాలి, ఎవరికీ తీరిక లేదు. మావయ్య చెయ్యెత్తాడు. "గొప్ప పని కాదు తల్లీ. ఓపిక పని. అది నాకాడ ఉంది" అన్నాడు.

ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక స్ట్రక్చర్ పక్కనే కొత్త క్లాసు నిలబెట్టేవాడు. దానితో పరీక్షలన్నీ నడిపించి, అన్నీ నెగ్గాకే పాతది తీసేవాడు. తర్వాత ఇంకొకటి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఒక వారంలో తేలిపోతుంది కదా అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"రిలీవర్, అదే తరవాతి షిఫ్టోడు, వచ్చి కుర్చీలో కూచుంటే గాని పాతోడు లెగకూడదు. కొలిమి నడుస్తుండగానే మనిషి మారాలి. ఆపీసి మారుద్దామంటే లోపల ఇనుము గడ్డకట్టీద్ది."

ఇంత జాగ్రత్త మనిషీ ఒక తప్పు చేశాడు. అది షిఫ్టు ఇన్‌ఛార్జి మాత్రమే చెయ్యగల తప్పు. పాత స్ట్రక్చర్లలో కొన్ని గడులు, ఆ యంత్రానికి ఆ పని రాదని, కావాలనే ఖాళీగా ఉండేవి. మావయ్యకి ఖాళీ కొక్కెం చూస్తే నిద్రపట్టదు. ఎవరైనా రాకపోతే షిఫ్టు మొదలయ్యేలోపు ఎవరో ఒకరి బిళ్ళ అక్కడ పెట్టి తీరాలి, ఆయన ఉద్యోగమంతా అదే. అందుకని తల్లి క్లాసులో ఆ ఖాళీలన్నిటికీ ఒక మర్యాదస్థుణ్ణి, అంటే ఒక ఉత్తుత్తి ఫంక్షన్‌ని, కూర్చోబెట్టాడు. ఏ పనీ చెయ్యడు, అడిగితే 'అయింది' అంటాడు. పరీక్షలన్నీ నెగ్గాయి. అందరూ మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకి ఎక్కడో దూరదేశం నుంచి ఒక కుర్రాడి ఫిర్యాదు వచ్చింది. ఫలానా విలువ మారగానే ఆగు అని డీబగ్గరుకి చెబితే, సరేనంటోంది గాని ఆగడంలేదు. అతని దగ్గరున్న చిన్న యంత్రానికి ఆ పని రాదు. ఇదివరకు డీబగ్గరు ఆ గడి ఖాళీగా ఉందని చూసి, మెల్లగానైనా వేరే దారిలో ఆ పని చేసిపెట్టేది. ఇప్పుడు అక్కడ మావయ్య కూర్చోబెట్టిన మనిషి 'అయింది' అంటున్నాడు. డీబగ్గరు నమ్మేసింది.

ఆ డీబగ్గరు పనంతటికీ పెద్దదిక్కయిన ఒకావిడ ఘాటుగా రాసింది, ఇలాగైతే ఈ మార్పులన్నీ వెనక్కి తీసేద్దామని. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి మావయ్య టీలో చక్కెర కూడా వెయ్యలేదు.

"రానోడికి హాజరు వేసీసేనే" అన్నాడు. "ప్లాంటులో ఖాళీ కొక్కెం కనబడితే సిగ్గు నాకు. ఆ సిగ్గు మోసుకొచ్చి ఇక్కడ పెట్టీసేను. ఖాళీ కూడా ఒక జవాబే. లేడంటే లేడని చెప్పాలి. అప్పుడే కదా ఇంకో దారి ఎతుక్కుంటారు."

సాకులేమీ చెప్పకుండా తప్పు తనదని రాశాడు. ఆ మర్యాదస్థులందర్నీ ఏరిపారేసి, వాళ్ళ చోట 'నాకు రాదు' అని ఉన్నమాట చెప్పే జవాబు పెట్టాడు. ఆవిడ మెత్తబడింది గాని ఒక షరతు పెట్టింది. సగం పాత, సగం కొత్తగా ఉంటే రాబోయేవాళ్ళు రెండూ నేర్చుకుని చావాలి. డీబగ్గరు తరవాతి కూర్పు విడుదలలోపు అన్ని స్ట్రక్చర్లూ మారాలి, లేకపోతే మొత్తం వెనక్కే. "న్యాయమే" అన్నాడు మావయ్య. తన ఇన్నేళ్ళ చాకిరీ చెత్తబుట్టలో పడొచ్చని తెలిసీ ఆ మాట అన్నాడు. నాకు ఆయన మీద ఎప్పుడూ ప్రేమే. గౌరవం మాత్రం ఆరోజు రెట్టింపయింది.

ఒక్కటి, అన్నిటికంటే పెద్దది, మిగిలి ఉండగా గుండె మొరాయించింది. ఆసుపత్రి మంచం మీద ఆయనకి తన ఆరోగ్యం గుర్తులేదు, విడుదల గుర్తుంది. చివరి స్ట్రక్చర్ నేను చేపడతానన్నాను. మధ్యాహ్నాలు ఆయన పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. నర్సమ్మ వచ్చి, "అంకుల్‌జీ, ఆరామ్ కీజియే" అని కసిరితే, "ఆరామ్ హీ కర్ రహా హూఁ బేటీ, కామ్ తో యే కర్ రహీ హై" అని నావైపు చూపించేవాడు. విశ్రాంతి నాది, పని దీనిది అని. నర్సమ్మతోపాటు పక్క మంచం ఆయన కూడా నవ్వేవాడు.

ఇంటికి తీసుకొచ్చేశాక ఒక సాయంత్రం, పని అయిపోయిందని చెప్పాను.

"ఖాళీలు చూసేవా?"

"చూశాను మావయ్యా."

"ఇంకోపాలి చూడు."

నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఫోను.

సమాధి కార్యక్రమం అయ్యాక, ఇంట్లో చుట్టాల మధ్య కూర్చోలేక, వరండాలో లాప్‌టాప్ తెరిచాను. ఇంకోపాలి చూశాను. ఒకచోట దొరికింది. పాత అలవాటులో గడి నిండి ఉందా లేదా అని అడుగుతున్న వాక్యం ఒకటి మిగిలిపోయింది. క్లాసులో ఏ గడీ ఖాళీగా ఉండదు గనక దానికి ఎప్పుడూ 'ఉంది' అనే జవాబొస్తుంది. మళ్ళీ అదే తప్పు వేరే తలుపులోంచి రాబోయింది. సరిచేసి, పరీక్షలు నడిపి, ఆయన పేరు ముందు, నా పేరు వెనక పెట్టి పంపాను. మావయ్యా, చూశాను అని పైకే అన్నాను. అత్తయ్య కిటికీలోంచి నావైపు చూసి, చుట్టాల దగ్గరికి వెళ్ళింది.

విడుదలకి ముందే, షరతు పెట్టిన ఆవిడ ఒప్పుకుంది. 'తీసుకున్నాం, ఆయనకి చెప్పండి' అని రాసింది. చెప్పడానికి ఆయన లేడని నేను తిరిగి రాశాను. జవాబొచ్చింది. పాత స్ట్రక్చర్లలో చివరి వరుసను తనే తీసేస్తానని, ఆ మార్పు ఆయన జ్ఞాపకంగా నమోదు చేస్తానని రాసింది. ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడని మనిషి.

జ్ఞాపకార్థ కూటం రోజు ప్రార్థన అయ్యి, అందరూ వెళ్ళాక, వైశాలి నగర్ నుంచి వచ్చిన మా వదిన వరండా బోర్డు దగ్గర ఆగింది. మావయ్య బిళ్ళని అత్తయ్య అప్పటికే తీసి బైబిల్లో పెట్టుకుంది. వదిన మంచి మనసుతోనే అత్తయ్య బిళ్ళ తీసి, ఖాళీ అయిన టీ కొక్కేనికి తగిలించబోయింది. "అలా బోసిగా ఏం బాగుంటుంది? ఇకనుంచి టీ మీరే పెట్టుకోవాలి కదా" అంది.

అత్తయ్య వచ్చి ఆ బిళ్ళ ఆమె చేతిలోంచి తీసుకుని, మొక్కల కొక్కేనికి వేసింది.

"నాలుగ్గంటలకి నేను టీ తాగనమ్మా ఇంక. అదలాగే ఉండనీ. లేరంటే లేరని చెప్పాలి కదా" అంది.

ఇప్పటికీ సాయంత్రాలు రిసాలి వెళ్తుంటాను. వరండాలో ఇద్దరం కూర్చుంటాం. ఫ్యాను గాలికి మిగతా కొక్కేల మీది బిళ్ళలు చెక్కకి తగిలి టకటకమంటుంటాయి. నాలుగవుతుంది. టీ కొక్కెం మాత్రం చప్పుడు చెయ్యదు.