శ్రీకారానికి వదిలిన జాగా

ఆ రోజుల్లో ఏది రాసినా పైన శ్రీకారానికి కాస్త చోటు వదలడం నాకు ఊపిరి తీసుకున్నంత సహజం. డైరీలో, ఉత్తరంలో, ఆఖరికి కిరాణా చీటీలో కూడా వదిలేవాణ్ణి. క్రమశిక్షణంటే అదేనని నా నమ్మకం. ఆ క్రమశిక్షణే ఒకసారి మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ లారీలన్నిటినీ ఆపేసింది.

తొంభైల చివర రామన్నపేట నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. మా యంత్రం చీటీ అచ్చువేస్తేనే లారీ గేటు దాటేది. రాసేదాన్ని సమానమైన గళ్లుగా కోసి మూడు డిస్కులకు పంచే ఏర్పాటు అందులో ఉండేది. దాన్ని రెయిడ్ అంటారు (ఒక డిస్కు చచ్చినా మిగతావి లెక్క అప్పజెబుతాయి). అమ్మినవాళ్లే దాన్ని అమర్చి వెళ్లారు. చోటు చాలక నాలుగో డిస్కు వచ్చినప్పుడు, హైదరాబాద్ నుంచి ఇంజినీరును పిలుద్దామని మేనేజరు, అంటే మా పెద్దసారు, అన్నారు. పుస్తకం చూసి నేనే చేస్తానన్నాను. ఉన్నదంతా టేపు మీదికి ఎక్కించి నాలుగు డిస్కులనూ కలిపాను. ఫైళ్ల భాగం ఎక్కడ మొదలుపెట్టాలని యంత్రం అడిగితే, అలవాటుగా మొదట్లో కొంచెం చోటు వదిలాను. తర్వాత టేపులోదంతా తిరిగి దింపాను.

మర్నాడు యంత్రం నడిచింది, కానీ ఎడ్లబండిలా. ఒక్క చీటీ వచ్చేలోపు డ్రైవరు వెళ్లి చాయ్ తాగి వచ్చేవాడు. మధ్యాహ్నానికి లారీల వరుస రోడ్డెక్కింది. కొత్త డిస్కును అనుమానించాను, తీగలు పీకి మళ్లీ పెట్టాను, ఫ్యాను యంత్రం వైపు తిప్పాను. పెద్దసారు వచ్చారు. ఆయన గొంతు పెంచకపోవడమే నన్ను భయపెట్టింది. సాయంత్రం సైరన్ లోపల ఇది బాగుపడకపోతే నేను రామన్నపేట బస్సెక్కవచ్చని మెల్లగా చెప్పి వెళ్లారు.

కంప్యూటర్ రాకముందు ఆ చీటీలు చేత్తో రాసిన గుమాస్తాను అందరూ చాచా అనేవారు. ఆయన పాత అచ్చు చీటీల కట్ట తెచ్చి నా ముందు పడేశాడు.

"ఫికర్ చెయ్యకు బేటా. జర నువ్వు గూడ రాయి. చేతులకు కరెంటు అక్కర లేదు."

రెండో చీటీకే నా చేయి పట్టుకున్నాడు.

"గిదేంది? లారీ నంబరు సగం ఒక గడిల, సగం కింది గడిల. గేటోడు ఒక్క ముచ్చటకు రెండు గళ్లు చూడాల్నా?"

"పైన శ్రీ రాసిన చాచా. మిగిలినయి జర కిందికి జరిగినయ్."

"నేను గూడ 786 రాస్త. గళ్ల బయట, అంచు మీద రాస్త. నువ్వు లోపల రాసి అందర్ని కిందికి నూకుతున్నవ్."

నా కలం ఆగిపోయింది. డిస్కుల్లోనూ నేను చేసిందదే. మొదట్లో వదిలిన చోటు వల్ల ప్రతి ముక్కా గడి గీత మీద పడుతోంది. ఒక డిస్కుతో అయ్యే పనికి రెండు కదలాల్సి వస్తోంది.

మళ్లీ అంతా టేపుకెక్కించాను. ఇక డిస్కులు చెరపాలి. ఆ తర్వాత టేపు ఒక్కచోట మొరాయించినా ఫ్యాక్టరీ లెక్కలూ నా ఉద్యోగమూ కలిసే పోతాయి. పెద్దసారు వచ్చి గోడకు ఆనుకున్నారు. కళ్లు మూసుకుని మీట నొక్కాను (కళ్లు మూసుకోమని పుస్తకంలో లేదు). ఈసారి భాగాన్ని సరిగ్గా గడి అంచున మొదలుపెట్టాను. టేపు కీచుమని తిరుగుతోంది, మధ్యమధ్య ఆగుతోంది. అది ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగుతోంది. సైరన్ మోగింది. ఎవరూ కదల్లేదు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

చివరికి మొదటి చీటీ జర్రున వచ్చింది. వెంటనే రెండోది, మూడోది. అవి వచ్చినంత వేగంగా చాచా చింపి ఇవ్వలేకపోయాడు. పెద్దసారు బస్సు మాటెత్తకుండా వెళ్లిపోయారు (తర్వాత వచ్చిన పర్మనెంటు ఉత్తర్వు కూడా నాకంత తీయగా అనిపించలేదు).

చాచా సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రాసేదుంటే డబ్బ మీద రాయి బేటా." యంత్రం నెత్తిన నేను శ్రీ రాశాను, పక్కనే ఆయన 786 రాశాడు.

రిటైరయ్యాక కూడా రోజూ డైరీ రాస్తున్నాను. శ్రీకారం మాత్రం గీతల బయటే. దాని పక్కన ఇంకొంచెం జాగా ఖాళీగా వదులుతాను. అది చాచాది.