నాలుగో జ్వరం తరువాత

పట్టుపురుగులు ఆకు తింటున్నప్పుడు అంబుజమ్మ ఇంట్లో వాన కురుస్తుంది. రేకుల మీద పడే వాన కాదు, ఆకుల మీద సన్నగా పడే వాన. చింతామణి పక్కన ఒక చిన్న పల్లెలో, ఇరవై ఏళ్లుగా ఆమె ఆ చప్పుడులోనే పడుకుని, ఆ చప్పుడులోనే లేస్తోంది.

గూడు కట్టేలోగా పురుగులు నాలుగుసార్లు నిద్రపోతాయి. ఆ నిద్రను అక్కడ జ్వరం అంటారు. ఏదో గుర్తు తెచ్చుకోబోయి ఆగిపోయినట్టు, తల కొంచెం పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు వాటికి ఆకు వేయరు. తాకరు. సున్నం పొడి చల్లి తలుపు దగ్గరకు వేసి వస్తారు. పాత చర్మం విడిచి అవే లేస్తాయి.

పురుగులు పడుకుని ఆ వాన ఆగిన రోజు చూసుకునే అంబుజమ్మ చిక్కబళ్ళాపురం బస్సెక్కేది. లారీ తోలే మొగుడు లక్ష్మణప్ప చనిపోయి తొమ్మిదేళ్లు. ఆయన నుంచి వచ్చిన హెచ్‌ఐవి ఆమె ఒంట్లో ఉండిపోయింది. మందులు చింతామణిలోనూ దొరుకుతాయి. కానీ అక్కడి ఆసుపత్రి వరండాలో ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం కూర్చుని ఉంటారు. అందుకే "సున్నం తెచ్చుకునేదానికి పోతాండా" అని ఇరుగుపొరుగుకు చెప్పి, అంత దూరం పోయేది. మాత్రల డబ్బాలో దూది కుక్కి, సున్నం సంచి అడుగున పెట్టుకుని తిరిగొచ్చేది. ఇన్నేళ్లలో బస్సు ఎంత కుదిపినా ఆ డబ్బా ఒక్కసారీ చప్పుడు చేయలేదు.

ఈ ఏడు ఉగాది తరువాత ఆమెకు ఏదో అయింది. ఏమైందో చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. మంచం మీద కూర్చుంటే మధ్యాహ్నం ఆమె ముందు నుంచే నడిచి వెళ్లిపోయేది. సంగటి కెలికి, మూత పెట్టి, తినడం మరిచేది. పురుగులకు ఒక్క పూటా ఆకు తప్పలేదు. ఆమె మాత్రలే తప్పాయి. మొదట ఒక రోజు, తరువాత మూడు, తరువాత వారాలు.

ఆషాఢంలో, పురుగులు నాలుగో జ్వరానికి పోయిన రోజున, చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో నేత్ర ఆ డబ్బా మూత తీసింది. నేత్ర అక్కడ కౌన్సెలర్, బాగేపల్లి పిల్ల. దూది తీసి లోపలికి చూసింది.

"ఇన్ని మిగిలిపోయినాయేమమ్మా?"

"నేను కూడా పురుగు మాదిరి పడుకునేసినా నేత్రమ్మా. ఇప్పుడు ఏమీ పెట్టకూడదు, తాకకూడదు. దానిపాటికి అదే లేస్తాది."

నేత్ర నవ్వలేదు. "మా పక్కంతా చెనిక్కాయలే. పురుగుల సంగతి నాకు తెల్దు. ఎన్నాళ్లు పడుకుంటాయి అవి?"

"ఒక పగలు, ఒక రాత్రి. చలికాలమైతే ఇంకో పూట."

"నువ్వు?"

కిటికీ అవతల కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. అంబుజమ్మ దాన్నే చూస్తూ, "ఉగాది నుంచి" అంది.

అన్నాక భయం వేసింది. వేళకు లేవని పురుగును తట్టలో ఉంచరు. ఏరి పారేస్తారు. ఎన్నింటినో తన చేతులతోనే ఏరింది.

"మనసు డాక్టరు మంగళవారమే వస్తాడమ్మా, వారానికి ఒక్కరోజే. నువ్వు నా గదిలో కూర్చో. బయట ఎవరూ నీ పేరు పిలవకుండా నేను చూసుకుంటా."

"మంగళవారం యాడ కుదురుతాది? ఇవి రేపు లేస్తాయి. లేస్తే వారం దినాలు ఒకటే ఆకలి."

"ఎవరికన్నా అప్పజెప్పు."

పురుగుల ఇంట్లోకి పరాయివాళ్లను రానివ్వరు. రాదగిన మనిషి ఒక్క సుజాతమ్మే. పక్కింట్లోనే ఉండే తోడికోడలు. ఆమె నోటికి ఊరంతా జంకుతుంది.

సోమవారం సాయంత్రం ఇద్దరూ తోటలో ఆకు కోస్తున్నారు.

"రేపు చిక్కబళ్ళాపురం పోవల్ల. పురుగులు చూసుకుంటావా సుజాతా?"

"మల్లా సున్నమా? మొన్ననే కదక్కా తెచ్చినావు! ఇంటికి సున్నం కొట్టిస్తాండావా? పెండ్లికొడుకు ఎవురన్నా వస్తాండాడా?"

ఇంకో అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. దాన్ని మోసే బలం మాత్రం ఒంట్లో లేదు. అంబుజమ్మ గట్టు మీద కూర్చుని చెప్పింది. లక్ష్మణప్ప దగ్గర మొదలుపెట్టి, డబ్బాలో దూది దాకా, ఉగాది దాకా.

సుజాతమ్మ చేతిలో కొడవలి ఆగిపోయింది. గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా... పురుగులకేమన్నా అంటుకుంటాదా?"

అంబుజమ్మకు నవ్వొచ్చింది. నెలల తరువాత వచ్చిన నవ్వు, దారి తడుముకుంటూ వచ్చింది. "తొమ్మిదేండ్లు నా చేతి ఆకే కదే తిన్నాయి. ఒక్క గూటికన్నా మచ్చ పడిందా?"

"లేదులే." సుజాతమ్మ ఆకు మోపు తలకెత్తుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తొమ్మిదేండ్లు నాకు సున్నం చెప్పినావు. నీకు నోరెట్లా వచ్చిందే?" ఆ కోపంలో తడి ఉంది.

ఇంట్లో వాన కురిసే రోజున అంబుజమ్మ అంత దూరం పోవడం అదే మొదలు. డాక్టరు నేత్ర గదిలోకే వచ్చి కూర్చున్నాడు. "ఏమవుతాందమ్మా?" అన్నాడు. ఆయన తొందరపెట్టలేదు. ఆమె తన ముందు నుంచే వెళ్లిపోయే మధ్యాహ్నాల గురించి చెప్పింది. ఆయన మందు రాసి, పాత మాత్రలూ మళ్లీ మొదలుపెట్టాలన్నాడు. ఒక్క వారంలో పోయేది కాదు, వచ్చే మంగళవారం కూడా రావాలన్నాడు.

సాయంత్రం ఇంటి మలుపులోనే వాన వినిపించింది. గడపలో సుజాతమ్మ, పాదాలు సున్నంతో తెల్లగా.

"నాలుగుసార్లు తిన్నాయి. నువ్వెన్నిసార్లు తిన్నావు?"

సుజాతమ్మ గిన్నె మీది మూత తీసింది. సంగటి ఇంకా వేడిగా ఉంది. అంబుజమ్మ మెట్టు మీద కూర్చుని, ఒక్కొక్క ముద్దే, మెల్లగా తింది. తిన్నాక సంచిలోంచి డబ్బా తీసి, సుజాతమ్మ చూస్తుండగానే మాత్ర మింగింది.

"వచ్చే మంగళవారం గూడు కడతాంటాయి సుజాతా. మల్లా ఎట్లా పోయేది?"

"కట్టుకోనీ. వాటికి నీ సాయం కావల్నా ఏమి? నువ్వు పొద్దున బస్సుకే పో."

లోపల వాన ఇంకా పడుతూనే ఉంది.