అమ్మ పెట్టిన పాస్‌వర్డ్

ఇంట్లో కంప్యూటర్‌కి బ్యాకప్ పెట్టిద్దామని నేను అన్నది ఒక ఆదివారం పొద్దున. పెట్టేసరికి ఇంకో నాలుగు ఆదివారాలు గడిచాయి. కలకత్తాలో ఏ పనీ ఒక్కరి సలహాతో తెమలదు. న్యూ టౌన్‌లో మా ఎదురు ఫ్లాట్ బెంగాలీ అన్నయ్య, దాదా అంటాం, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగి. బ్యాకప్ అన్న మాట చెవిన పడగానే టీ కప్పుతో సహా వచ్చి మా సోఫాలో స్థిరపడ్డాడు.

నాకు పోగొట్టుకోకూడనిది ఒక్కటే, నాన్న గొంతు. గార్డెన్ రీచ్ రేవులో క్రేన్ నడిపిన మనిషి, రిటైరయ్యాక రోజూ మైకు ముందు కూచుని రేవు కథలన్నీ ఆ కంప్యూటర్‌కి చెప్పుకునేవాడు. సగం కోతలే. ఆయన పోయి రెండేళ్ళు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక కథ వింటే గాని అమ్మ నడుం వాల్చదు. ఆ కంప్యూటరేమో ఆన్ చేస్తే పావుగంట మూలిగి గాని లేవదు. దాన్ని చూస్తే నాకు భయంగా ఉండేది.

దాదా మూడు కంపెనీల పేర్లు కాగితం మీద రాశాడు. మొదటిదాంట్లో ఇక్కడ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుందట. అదేం దాచడం, అద్దంలో చూసుకున్నట్టు! రెండోదాంట్లో ఏవేం దాచాలో మనమే ఒక్కొక్కటీ ఏరి పెట్టాలి. నాకంత ఓపిక లేదు. మూడోదాన్ని అమ్మ ఎంచింది. ఆవిడకి మొదటినుంచీ ఒకటే అనుమానం.

"మన సామాను ఆళ్ళింట్లో ఎడితే, ఆళ్ళు ఇప్పి సూడరేటి?" అని తెలుగులో నన్నూ, బెంగాలీలో దాదానీ నిలదీసేది.

"మూడోవాళ్ళు చూడలేరు మాషీమా. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటుంది. అది మర్చిపోతే వాళ్ళు కూడా తెరవలేరు" అని పిన్నికి నచ్చజెప్పినట్టు చెప్పాడు దాదా.

"అద్దీ! అదే కావాల" అంది అమ్మ.

చీర కొంగు అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ తనే కొట్టింది. ఫోన్లో తన చెల్లెలికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి కొట్టి వేళ్ళు బాగానే తిరిగాయి. ఎక్కడన్నా రాసి పెట్టమంటే, "రాత్తే నువ్వు సూడవేటి?" అంది. బీరువా తాళాలు బొడ్లో దోపుకుని నిద్రపోయే మనిషితో నేనేం వాదించగలను?

వానలు మొదలవగానే కంప్యూటర్ డిస్కు పోయింది, నాన్న కథలతో సహా. కొత్తది వేయించాను. అదే వారం అమ్మకి శుక్లాల ఆపరేషన్. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ముందే మసక, అక్షరాలు ఆనవు. టీవీ వద్దు, ఫోన్ వద్దు అన్నాడు డాక్టర్.

"మీ అయ్య కతైనా ఎట్టే" అంది.

నేను దర్జాగా బ్యాకప్ తెరవబోయాను. అది పాస్‌వర్డ్ అడిగింది. నేను అమ్మని అడిగాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మర్చిపోయావేటి?" అన్నాను.

"మర్సిపోనేదు. సెప్పకూడదు. అది మీ అయ్య పేరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వైపు పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు. పెళ్ళినాడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి చెప్పిస్తే అమ్మ ఒక్కసారి చెప్పిందట, అంతే. రేషన్ ఆఫీసులో గుమస్తా భర్త పేరు అడిగినా నా వైపు చూసేది. నేనే చెప్పాలి. తను నోట పలకని మాట ఏ దొంగకీ వినపడదు కదాని దాన్నే తాళంగా పెట్టింది.

"ఓసింతేనా, ఆ పేరు నాకు తెల్దేటి?" అని కొట్టాను. తప్పంది. ఇంటిపేరు చేర్చాను. తప్పు. రేవులో తోటివాళ్ళు పిలిచే పొట్టిపేరు కొట్టాను. అదీ తప్పే. నాకు కోపం నషాళానికి అంటింది.

"నాన్న గొంతు కావాలా, నీ పట్టింపు కావాలా?" అని అరిచేశాను. కంటికి కట్టుతో కూచున్న మనిషి మీద అరిచినందుకు వెంటనే సిగ్గేసింది.

అమ్మ "తలుపెయ్యి" అంది. ఇంట్లో మేమిద్దరమే. అయినా వేశాను. నా తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. చిన్న పేరు, ముద్దు పేరు. నేనెప్పుడూ వినలేదు. కొట్టగానే తెరుచుకుంది. కథలు ఒక్కొక్కటే దిగడం మొదలైంది.

"ఈ పేరెవరు పెట్టారమ్మా? నాయనమ్మేనా?"

"నానే."

"నువ్వలా పిలవడం నేనెప్పుడూ వినలేదే."

"పిలిత్తే గదా ఇంటావు. మనసులో అనుకునీదాన్ని."

"నాన్నకి తెలుసా?"

"తెల్దు." కట్టు లేని కన్ను కొంగుతో ఒత్తుకుంది. "అన్నేళ్ళు పక్కనే ఉన్నాడు. ఒక్కపాలైనా పిలిసుంటే బాగుండీది."

నేను మొదట దిగిన కథ పెట్టాను. నాన్న దగ్గి, గొంతు సవరించుకుని, ఓడ కథ ఎత్తుకున్నాడు. అమ్మ స్పీకర్ వైపు వంగి, ఈసారి గట్టిగానే, ఆ పేరు పెట్టి పిలిచింది. నాన్న ఎప్పటిలాగే వినిపించుకోకుండా తన కథ తను చెప్పుకుపోయాడు.