చుందుంగ్ నారుమడిని తొక్కించిన ఉత్తర్వు

జనవరి పదహారున, జోస్ పీఠభూమి మీది మా ఊళ్లో, చుందుంగ్ పామ్ నారుమడిలో రోగం ఉందని ఉత్తర్వు రాసి, టమాటా పథకం అధికారి బిట్రస్ దాన్ని తొక్కించాడు. ఆ మడిలో రోగం లేదు. పరీక్ష జరగలేదు.

చుందుంగ్‌కు యాభై ఎనిమిదేళ్లు. తగరపు గని తవ్వి వదిలేసిన గుంట ఒడ్డున ఇరవై రెండేళ్లుగా టమాటా నారు పెంచుతోంది. ఆమె భర్త ఆ గుంటలోనే మట్టిపెళ్లల కింద పోయాడు. మొదట నారుకు మేకల ఎరువు దండిగా వేస్తుంది. నాటడానికి పదిరోజుల ముందు ఎరువు ఆపేస్తుంది, నీళ్లు తగ్గిస్తుంది, గడ్డి తడకలను రోజుకు కొంతసేపు ఎక్కువగా తీసి హర్మటాన్ చలిగాలికి అలవాటు చేస్తుంది. చివరికి ఆ నారు పొట్టిగా, కాడ ఊదారంగుకు తిరిగి, చూపుకు దరిద్రంగా ఉంటుంది. మావాళ్లు ఏరి కొనేది అలాంటి నారునే.

జనవరి మూడున బిట్రస్ వచ్చాడు. ఎనిమిదిన మంత్రి రాక.

"ఇది నారా, పళ్లు తోముకునే పుల్లలా? ఫొటోలో పచ్చగా కనబడాలమ్మా!"

"ఇంకో వారం ఆగు నాయనా. ఎరువు ఆపి మూడురోజులే అయింది, దీనికింకా చలి తెలీదు."

"అయితే తలా ఒక కోటు కుట్టించు!" అన్నాడు. వెంట వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు.

నాలుగువేల మొక్కలు పట్టుకుపోయాడు. అయిదు రోజులు కార్యాలయంలో ప్లాస్టిక్ పట్టా కింద ఉంచి యూరియా నీళ్లు పోయించాడు. నారు నిగనిగలాడింది. ఎనిమిదిన మంత్రి ఫొటో దిగాడు. పన్నెండుమంది ఆడవాళ్లు తమ చేలల్లో నాటారు. మూడోనాడు తెల్లవారేసరికి నారంతా నల్లబడి వాలిపోయింది.

తన దగ్గర మిగిలిన నారును చుందుంగ్ తన పద్ధతిలోనే పదిరోజులూ గట్టిపరచింది. పదమూడున నలభై మొక్కలు, ఆ పన్నెండుమందిలో ఒకరైన రిఫ్కాతు చేను పక్కనే నాటింది. అంతకన్నా చలి కొరికిన మూడు రాత్రులు దాటి ముప్పై ఎనిమిది బతికాయి.

నారు చచ్చింది రోగంతోనని పదహారున బిట్రస్ ఆ ఉత్తర్వును బజారులో చదివాడు. మళ్లీ విత్తనం కావాలంటే ఆ మడిని మీ కాళ్లతోనే తొక్కాలని ఆ పన్నెండుమందికి చెప్పాడు. మొదటి కాలు పెట్టింది రిఫ్కాతు. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లు.

"నీ చేను పక్కనే ముప్పై ఎనిమిది నిలబడ్డాయే. ఒక్కసారి చూడవే!"

"చూశానక్కా. నాకూ పిల్లలున్నారు. అడ్డు లే."

ఆ ముప్పై ఎనిమిదినీ సాయంత్రానికి పీకేశారు. ఇప్పుడు బావి దగ్గర చుందుంగ్‌ను 'రోగాలమ్మ' అంటారు. ఆమె రోడ్డు పక్కన కంకర కొడుతోంది.

పథకం అధికారులారా, ఏ ఆకును, ఏ తేదీన, ఎవరు పరీక్షించారో ఆ కాగితం చూపండి. చూపలేకపోతే, ఉత్తర్వు చదివిన ఆ బజారులోనే, ఆ పన్నెండుమంది ఎదుటే, దాన్ని రద్దు చేయండి. చలి చూడని నారుకు యూరియా పోసింది మీరేనని మీ నోటితో చెప్పండి. అక్టోబరులో చుందుంగ్ మళ్లీ విత్తాలి. ఆలోపే చెప్పండి.